మిర్చి ఏరడానికి సుక్మా నుంచి వచ్చిన కూలీలకు వరసగా జ్వరాలు. తోట రైతుగా నేనేం చేయాలి?

ప్రశ్న: గోదారొడ్డు రైతు

అందరికీ నమస్కారం. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలం. గోదావరి ఒడ్డున నాలుగెకరాల మిర్చి వేశాను. ఊళ్లో మనుషులు చాలరు కాబట్టి ఏటా సంక్రాంతి దాటాక మేస్త్రీ సరిహద్దు అవతల నుంచి ముఠాను తెస్తాడు. ఈసారి వచ్చింది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా వాళ్లు. చంటిపిల్లలతో కలిపి ముప్పై మంది దాకా ఉంటారు. తోట పక్కన వాగు గట్టు మీద టార్పాలిన్ పట్టాలు కట్టుకుని అక్కడే వండుకుంటున్నారు, అక్కడే పడుకుంటున్నారు.

వచ్చిన నాలుగో రోజునే ఒక పాపకు చలి పుట్టింది. పదేళ్లుంటాయేమో. మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. తర్వాత ఇద్దరు మగవాళ్లు పడ్డారు. ఊళ్లో వైద్యం చేసే అతన్ని మేస్త్రీ పిలిపిస్తే సూదులు వేసి మాత్రలిచ్చాడు, ఒకతనికి సెలైన్ ఎక్కించాడు. జ్వరం దిగింది. మర్నాడు మళ్లీ వచ్చింది. రక్తపరీక్ష ఎవరికీ చేయలేదు. ముఠాలో ఒకామె గర్భిణి, ఆమెకు ఇప్పటిదాకా ఏమీ లేదు.

జ్వరం వచ్చినవాళ్లను ఆటో ఎక్కించి ఊరికి పంపేద్దామని మేస్త్రీ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నా తోటలో పని చేస్తూ నా గట్టు మీద పడుకుంటున్న మనుషులు వాళ్లు. ఇది ఇక్కడ పట్టుకున్న మలేరియానా, అక్కడి నుంచి వచ్చిందా? మా ఇంట్లోనూ పిల్లలున్నారు, వాళ్లకు అంటుకుంటుందా? మెడికల్ షాపులో మలేరియా మాత్రలు కొని అందరితో మింగిస్తే సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పాత ల్యాబ్ టెక్నీషియన్, భద్రాచలం

తమ్ముడూ, మిగతాదంతా తర్వాత చదువు. ముందు ఆ పాపనూ ఆ ఇద్దరినీ బండెక్కించి పీహెచ్‌సీకి తీసుకుపో. పాప మత్తుగా పడి ఉన్నా, పిలిస్తే పలక్కపోయినా, ఫిట్స్ వచ్చినా, తాగిన నీళ్లు కూడా కక్కేస్తున్నా, కళ్లు పచ్చబడినా, మూత్రం నల్లగా వస్తున్నా, ఆయాసపడుతున్నా అర్ధరాత్రయినా సరే ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. పీఎఫ్ అంటే ఫాల్సిపేరం, ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా; అదే అయితే పిల్లల్లో ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకెక్కగలదు. అప్పుడు మాత్రలు పనికిరావు, ఆర్టిసునేట్ సూది నరానికి ఇవ్వాలి.

నా ఉద్యోగమంతా ఈ ఏజెన్సీలో మైక్రోస్కోపు ముందే గడిచింది. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు నుంచి వచ్చే రక్తపూతలు, అంటే గాజుపలక మీద పూసిన రక్తం, చూసేవాణ్ణి. జేఎస్‌బీ రంగు వేసి, మందపు పూతలో వంద ఫీల్డులు తిప్పి చూడందే నెగెటివ్ అని రాసేవాళ్లం కాదు. అందుకే నీ ప్రశ్నకు కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ఎక్కడ పట్టుకుందో రోజులు లెక్కేస్తే తెలిసిపోతుంది. దోమ కుట్టాక పీఎఫ్ జ్వరం బయటపడడానికి సుమారు 9 నుంచి 14 రోజులు పడుతుంది. పీవీకి, అంటే వైవాక్స్ అనే రెండో రకానికి, 12 నుంచి 17 రోజులు, ఒక్కోసారి నెలలు. మీ పాపకు నాలుగో రోజునే వణుకు పుట్టిందంటే, అది మలేరియానే అయితే, దోమ ఇక్కడ కుట్టింది కాదు. అక్కడి కొండవాగుల్లో మెల్లగా పారే తేటనీళ్లలో, ఒడ్డున గడ్డి నీడలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ ఉంది. మురుగుకాలవ దోమకూ దీనికీ పోలికే లేదు. వానలు వెనకబట్టాక, చలికాలంలో కూడా ఇది జోరుగా ఉంటుంది. పక్కనే పశువులున్నా మనిషినే వెతుక్కుంటూ వచ్చే రకం ఇందులో ఉంది. మనవైపు ఏటి ఇసుక గుంటల్లో, వాన నీటి మడుగుల్లో పెరిగే క్యూలిసిఫేసిస్ అనే దోమ ఎక్కువగా పశువుల మీద వాలుతుంది, అయినా మలేరియాను అదీ మోస్తుంది. నీ వాగు గట్టు మీద భయం ఈ రెండో దానితో.

మీ పిల్లల సంగతి. తాకితే రాదు, కలిసి తింటే రాదు, ఒకే బావి నీళ్లు తాగితే రాదు. మధ్యలో దోమ ఉండాలి. ఆ దోమకు కావలసింది జబ్బుమనిషి రక్తంలో ఉండే గేమెటోసైట్ అనే మలేరియా పురుగు రూపం. పీఎఫ్ గేమెటోసైట్ మైక్రోస్కోపులో అరటిపండులా వంగి కనిపిస్తుంది. రోగికి జ్వరం తెప్పించేది అది కాదు, అది దోమ కడుపులోకి పోవడానికే తయారైంది. జ్వరం మొదలైన వారం పది రోజులకు గానీ అది రక్తంలో కనిపించదు. కాబట్టి మొదటి రెండు రోజుల్లో పరీక్ష చేసి మందు మొదలుపెడితే ఆ పాపా బతుకుతుంది, మీ పిల్లల దాకా జబ్బు వచ్చే దారీ తెగిపోతుంది. ఆలస్యం చేస్తే రెండూ పోతాయి.

మెడికల్ షాపు మాత్రలు వద్దే వద్దు. పీఎఫ్‌కూ పీవీకీ మందులు వేరు. పీఎఫ్‌కు మన రాష్ట్రాల్లో ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్, పైరిమెథమైన్ కలిపిన ఏసీటీ అనే మిశ్రమ మందు మూడు రోజులు, రెండో రోజు ఒక్క మోతాదు ప్రైమాక్విన్. పీవీకి క్లోరోక్విన్ మూడు రోజులు, ఆపైన ప్రైమాక్విన్ రోజూ, 14 రోజులు. వయసును బట్టి, బరువును బట్టి మోతాదు మారుతుంది. పీఎఫ్ ఉన్న మనిషికి క్లోరోక్విన్ ఇస్తే మందు మింగుతూనే ప్రాణం మీదికి వస్తుంది. క్లోరోక్విన్‌కు లొంగని పీఎఫ్ మన దేశంలో 1973లోనే అస్సాంలో బయటపడింది. 2010 నుంచి దేశమంతటా పీఎఫ్‌కు ఏసీటీయే ఇస్తున్నారు. ఇక జ్వరం దిగే సూది జ్వరాన్ని దించుతుందే గాని రక్తంలో పురుగును ముట్టుకోదు. పొద్దున తేలిగ్గా కనిపించాడని పనిలోకి పంపితే సాయంత్రానికి పడిపోతాడు. పరీక్షా మందులూ రెండూ పీహెచ్‌సీలో ఉచితం, సబ్‌సెంటర్‌లో, ఆశా దగ్గర పరీక్ష కిట్టు ఉంటుంది.

ఇంకొక్క మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. జ్వరం ఉన్న ముగ్గురికే కాదు, ముఠా మొత్తానికి పరీక్ష చేయమని అడుగు. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ మొదలుపెట్టి, జ్వరం ఉందా లేదా అని చూడకుండా ఇంట్లో అందరికీ కిట్టు పరీక్ష చేయించింది. పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా ఏ బాధా లేనివాళ్లే! అడవికి వెళ్తున్నారు, కట్టెలు మోస్తున్నారు, వాళ్ల రక్తంలో మాత్రం పురుగు తిరుగుతోంది. ఒడిశాలో 2017లో దుర్గమ ప్రాంతాల కోసం మొదలైన దమన్ పథకమూ ఇదే పని చేసింది. మల్కన్‌గిరి లాంటి జిల్లాల్లో దారి లేని ఊళ్లకు నడిచి వెళ్లి శిబిరాలు పెట్టి అందరికీ పరీక్ష చేశారు. అదే కాలంలో రాష్ట్రమంతా కోటికి పైగా మందు దోమతెరలు పంచారు. 2016లో ఒడిశాలో 4.4 లక్షల కేసులు. 2018కి 66 వేలు. ఆ అంకెలు చూసిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఏజెన్సీలో మలేరియా ఉండేదేలే, మనం చేసేదేముందని నాతో వాదించినవాళ్లు చాలామంది ఉన్నారు.

జవాబు: వాజేడు మిర్చి

అన్నా, మా దగ్గర కూడా ఇదే బాధ. నా మాట వింటే పంపేయడమే మేలు. రేపు మన పిల్లలకు వస్తే ఎవరు చూస్తారు? వాళ్లకు ఆ జ్వరాలు అలవాటే. కొత్త ముఠా కోసం మేస్త్రీతో మాట్లాడుకోండి.

జవాబు: పాత ల్యాబ్ టెక్నీషియన్, భద్రాచలం

వాజేడు తమ్ముడూ, నీ పిల్లల గురించి నీ భయం నాకు అర్థమైంది. కానీ అలవాటే అన్న మాట నేను ఒప్పుకోను. ఏటా నాలుగైదు సార్లు మలేరియా వచ్చే ఊళ్లో పెద్దవాళ్ల ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది, నిజమే. అది రావడానికి ముందు చిన్నతనంలో ఎన్నోసార్లు ఆ జ్వరం పడి లేవాలి. లేవలేని పిల్లలు లెక్కలోకి రారు. తట్టుకున్నట్టు కనిపించే పెద్దవాళ్లలో కూడా రక్తం తగ్గిపోయి ఉంటుంది. మొదటి కాన్పు ఆడవాళ్లలో ఆ శక్తి పడిపోతుంది, కడుపులో బిడ్డను పోషించే మాయలో పురుగు చేరి బిడ్డ బరువు తగ్గిపోతుంది.

పంపేస్తే ఏమవుతుందో కూడా చూడు. చర్ల నుంచి ఆటో, తర్వాత బస్సు, సుక్మా జిల్లాలోని కోంట దాటాక జీపు దొరికితే జీపు, అక్కడి నుంచి నడక. ఆ పాపకు అన్నిటికన్నా ప్రమాదమైన గంటలన్నీ దారిలోనే పోతాయి. ఇక్కడైతే పీహెచ్‌సీ ఉంది, భద్రాచలం ఉంది. సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచే జనం వైద్యానికి భద్రాచలం వస్తుంటే ఇక్కడున్న రోగిని మనం అటు పంపడమేంటి?

జవాబు: చింతూరు సిస్టర్

అన్నా, నేను చింతూరు వైపు ఏఎన్‌ఎంగా చేస్తున్నాను. మేమూ కోయవాళ్లమే. సార్ చెప్పినవి కాకుండా చేతిలో పని గురించి రెండు మూడు చెప్తాను.

మీ ఊరి ఆశాకు ఫోన్ చేసి ముప్పై మంది ఉన్నారని ముందే చెప్పండి, కిట్లు సరిపడా తెచ్చుకుంటుంది. పొద్దున్నే ఏరడానికి వెళ్లకముందు గానీ, సాయంత్రం కాటా అయ్యాక గానీ రమ్మనండి. మధ్యాహ్నం వస్తే ఒక్కొక్కరినీ సాళ్లలోంచి పిలవాలి, సగం మంది రారు. కిట్ల పెట్టె ఎండలో బండి మీద వదిలేయకుండా చూడండి, వేడికి పాడవుతాయి. చుక్క వేశాక పెట్టె మీద రాసినంత సేపు ఆగాలి, మామూలుగా 15 నుంచి 20 నిమిషాలు. కిట్టు నెగెటివ్ వచ్చి జ్వరం మాత్రం తగ్గకపోతే రక్తపూత కూడా తీయించండి. కిట్టు పట్టుకునే ప్రోటీనే లేని పీఎఫ్ కూడా మన దేశంలో కనిపించింది.

పడుకునే చోటు గురించి. ఇళ్లకైతే గోడలకు మందు పిచికారీ చేస్తాం, మా దగ్గర ఏసీఎం అనే దోమల మందు కొడతారు. టార్పాలిన్ పట్టాకు గోడ లేదు కదా, దోమ వాలి చచ్చే చోటే లేదు. అందుకని మీకున్న దారి దోమతెరే. నాలుగు కర్రలు పాతి తెర కట్టించండి, అంచులు చాప కిందికి దోపాలి. పీహెచ్‌సీలో మందు తెరలు ఉంటే అడగండి, లేకపోతే మామూలువి కొనివ్వండి. కొత్త మందు తెరను ఒకరోజు నీడలో ఆరేసి కట్టాలి. సర్ఫుతో ఉతకకూడదు, ఎండలో ఆరేయకూడదు. వీలైతే పట్టాలను వాగు గట్టు నుంచి కల్లం వైపు మార్పించండి. ముందు చంటిపిల్లలకు, ఆ గర్భిణికి తెర దొరకాలి.

ఆ గర్భిణికి జ్వరం లేకపోయినా పరీక్ష చేయించండి. ప్రైమాక్విన్ గర్భిణికి ఇవ్వకూడదు, ఏడాది లోపు బిడ్డకు ఇవ్వకూడదు. పాజిటివ్ వస్తే ఎన్నో నెల అన్నదాన్ని బట్టి డాక్టరే మందు రాయాలి. చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లులు ఉంటే ఆ మాట కూడా ముందే చెప్పండి. మా వాళ్లలో సికిల్‌సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉంది, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడగండి. సికిల్‌సెల్ జబ్బు ఉన్న పిల్లలకు మలేరియా వస్తే చాలా ప్రమాదం, వాళ్లను నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రైమాక్విన్ మొదలుపెట్టాక ఎవరికైనా మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపేసి వెంటనే తీసుకురండి. మామూలుగా దాన్ని అన్నం తిన్నాకే వేయాలి, ఖాళీ కడుపున వేస్తే నొప్పి వస్తుంది, మర్నాటి నుంచి మింగరు.

మాత్రలు చేతికిచ్చి వచ్చేయకండి అన్నా. ఎదురుగా మింగించాలి. పిల్లలు అరగంటలోపు కక్కితే మళ్లీ వేయాలి.

జవాబు: కోంట కుర్రోడు

అన్నయ్యా, మాది కోంట దగ్గర ఊరు. తెలుగు భద్రాచలంలో చదువుకున్నప్పుడు నేర్చుకున్నాను. మా అమ్మావాళ్లు ఇప్పటికీ మిర్చికి వస్తారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది.

జ్వరం ఉందా అని మేస్త్రీ అడిగితే మావాళ్లు లేదనే చెబుతారు. అతని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు. ఒక రోజు పడుకుంటే ఆ రోజు కూలి పోవడమే కాదు, వచ్చే ఏడు ముఠాలో పేరు రాయడేమో అని భయం. ఆసుపత్రికి వెళ్తే ఎన్ని రోజులు ఉంచుతారో, మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారో తెలియదు. ఆధార్ మీద ఛత్తీస్‌గఢ్ అడ్రస్ ఉంటుంది, ఇక్కడ చూడరని ఎవరో చెప్పి ఉంటారు. కాబట్టి మీరే వెళ్లి, మేస్త్రీ లేనప్పుడు, ముఠాలో పెద్దావిడను కూర్చోబెట్టి అడగండి. జ్వరం వచ్చిన రోజుకి కూలి కోయనని నోటితో చెప్పండి. ఆ ఒక్క మాటతో ఎంతమంది బయటపడతారో చూడండి.

ఇంకోటి. 2005 తర్వాత మావోయిస్టులకు ఎదురుగా లేచిన సల్వాజుడుం గొడవల్లో ఊళ్లు వదిలి మీ అడవుల్లోకి వచ్చి గుంపులుగా ఇళ్లు కట్టుకున్న మావాళ్లను మీరు గొత్తికోయలంటారు. మీ ముఠాలో కొందరికి చర్ల, దుమ్ముగూడెం అడవుల్లోని ఆ గుంపుల్లోనే చుట్టాలు ఉండొచ్చు. ఆదివారం పని లేకపోతే అక్కడికి వెళ్లి పడుకుని వస్తారు. ఆశా వచ్చినప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. ఆ గుంపుల్లో కొన్నిటికి దారి లేదు, పిచికారీ జాబితాలో పేరు కూడా ఉండదు. మీ తోటలో అందరికీ మందులిచ్చి ఆ గుంపును వదిలేస్తే మళ్లీ అక్కడి నుంచి వస్తుంది.

గోదారొడ్డు రైతు

అందరికీ దండాలు. మొదటి జవాబు చూసిన గంటలోనే బయల్దేరాం. పాపకు పీఎఫ్. అప్పటికే రెండుసార్లు కక్కి నీరసంగా ఉందని పీహెచ్‌సీ డాక్టరమ్మ భద్రాచలం పంపించారు. అక్కడ సూదులిచ్చారు. నిన్న అన్నం తిన్నది, ఇవాళ లేచి కూర్చుంది. మగవాళ్లలో ఒకతనికి పీఎఫ్, రెండో అతనికి పీవీ.

కోంట తమ్ముడు చెప్పినట్టే చేశాను. కూలి కోయనని చెప్పాక ఇంకో నలుగురు తమకూ రాత్రుళ్లు వెచ్చబడుతోందని చెప్పారు. ఆశా, హెల్త్ అసిస్టెంట్ సాయంత్రం కాటా దగ్గరికి వచ్చి అందరికీ కిట్టు చేశారు. పాపతో కలిపి మొత్తం ఏడుగురికి పాజిటివ్. అందులో ఇద్దరు అస్సలు జ్వరమే లేదన్నవాళ్లు, ఒకడు రోజూ అందరికన్నా ఎక్కువ ఏరే కుర్రాడు. గర్భిణికి నెగెటివ్. ఆమెకు, పిల్లలున్న వాళ్లకు తెరలు కట్టించాను. మిగతావి రేపు వస్తాయి. పట్టాలు కల్లం పక్కకు మారాయి.

ఇప్పుడు ఒక్క సందేహం. పీవీ వచ్చిన అతను వారంలో వాళ్ల ఊరికి వెళ్లాలంటున్నాడు, ఇంటి దగ్గర పెళ్లి. 14 రోజుల మాత్రలు సగంలో ఉంటాయి. జ్వరం తగ్గిపోయింది కదా, ఆపేయొచ్చు అంటున్నాడు.

జవాబు: పాత ల్యాబ్ టెక్నీషియన్, భద్రాచలం

పాప కూర్చుందని చదివి చాలా సంతోషం తమ్ముడూ.

ఆపకూడదు. పీవీ కాలేయంలో దాక్కుంటుంది. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్ని చంపి జ్వరం దించింది. కాలేయంలో ఉన్నదాన్ని చంపేది ఆ 14 రోజుల ప్రైమాక్విన్ ఒక్కటే. సగంలో ఆపితే కొన్ని వారాలకో నెలలకో దోమ కుట్టకుండానే మళ్లీ జ్వరం వస్తుంది. అప్పుడతను పొలం దున్నుకునే రోజుల్లో పడతాడు. ఈ మాట అతనికి అలాగే చెప్పు. భయపెట్టొద్దు. దున్నే రోజుల గురించి చెబితే వింటాడు.

మిగిలిన మాత్రలు లెక్కపెట్టి పీహెచ్‌సీలోనే కట్టించి చేతికివ్వు. ఒక చీటీ కూడా రాయించు. మన దగ్గర వైద్యం మొదలై అవతల పూర్తికావలసిన ప్రతి రోగి విషయంలోనూ తేడా వచ్చేది ఈ చీటీ లేకే. అందులో పేరు, ఊరు, బ్లాకు, పీఎఫా పీవీనా, పరీక్ష చేసిన తేదీ, ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఎన్ని రోజులవి మిగిలాయి అన్నవి ఉండాలి. తెలుగులో రాస్తే అక్కడ చదవలేరు, హిందీలో ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో మన ఆశా లాంటి ఆమెను మితానిన్ అంటారు. ఊరికి చేరగానే ఆమెకు చూపించమను.

పీఎఫ్ వచ్చినవాళ్లకు కూడా ఈ చీటీ ఇవ్వు. కిట్టు పట్టుకునే పీఎఫ్ ప్రోటీన్ మందు పూర్తయినా కొన్ని వారాలు రక్తంలో ఉండిపోతుంది. అక్కడ శిబిరంలో కిట్టు చేస్తే మళ్లీ పాజిటివ్ వస్తుంది, తగ్గలేదనుకుని మళ్లీ మందు పెడతారు. తేదీ చూస్తే రక్తపూత తీసి చూస్తారు.

జవాబు: కోంట కుర్రోడు

హిందీ సంగతి నాకు వదిలేయండి అన్నయ్యా. రోగుల పేర్లు ఇక్కడ పెట్టొద్దు. సార్ చెప్పినవన్నీ వచ్చేలా ఖాళీ చీటీ ఒకటి రాసి సాయంత్రానికి ఇక్కడే పెడతాను, మీరు ప్రింటు తీసుకుని పీహెచ్‌సీలో నింపించుకోండి. కింద మాత్రల వరస గీస్తాను, ఒక్కో రోజుకు ఒక గడి. చదువు రానివాళ్లు కూడా మింగిన రోజు గడి కొట్టేసుకుంటారు.

జవాబు: వాజేడు మిర్చి

తమ్ముడూ, ఆ చీటీ నాక్కూడా కావాలి. మా ముఠాకు ఎల్లుండి పొద్దున కిట్లు చేయిస్తున్నాను, ఆశాతో మాట్లాడాను.